ఫెయిల్ లేని ఏడు వారాలు: ఇంటర్‌లాక్ లాగ్‌ను నేను తప్పుగా చదివిన కేసు

డాలస్ చుట్టుపక్కల మద్యం, మాదకద్రవ్యాల కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో ఎక్కువమంది తమంతట తాము రారు, కోర్టో ప్రొబేషన్ (జైలుకు బదులు కోర్టు పర్యవేక్షణ) ఆఫీసరో పంపితే వస్తారు. ఇక్కడ రాస్తున్న కేసు కూడా అలా వచ్చిందే. అతని అనుమతితోనే రాస్తున్నాను. వయసు, కుటుంబం, ఉద్యోగం వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. మన సర్కిల్ చిన్నది, ఒక ఊరి పేరు, ఒక కంపెనీ పేరు చెబితే చాలు, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది.

తాగి నడిపి దొరికిన ఈ మనిషి కార్లో, ఊపిరిలో మద్యం ఉంటే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఇంటర్‌లాక్ పరికరం పెట్టారు. దాని రికార్డును (లాగ్) చదవడంలో నేను ఏడు వారాలపాటు పొరపాటు పడ్డాను. రాయడానికి కారణం అదే.

నేపథ్యం

ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హెచ్1బీ వీసా. భార్య హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది, కారు నడపదు. పాప ఫస్ట్ గ్రేడ్. స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశం: పొద్దున సత్యనారాయణ వ్రతం, రాత్రి గరాజ్‌లో మందు. ఇల్లు రెండు మైళ్లే కదా అని స్టీరింగ్ పట్టుకున్నాడు. పోలీసులు ఆపారు. రక్తపరీక్షలో మద్యం 0.17 శాతం వచ్చింది.

టెక్సస్‌లో పరిమితి 0.08. మొదటిసారి దొరికినా 0.15 గానీ అంతకు మించి గానీ వస్తే కేసు ఒక మెట్టు పైకెక్కి, ఇంకా పెద్ద శిక్ష పడగల క్లాస్ ఏ నేరం అవుతుంది. అతనికి పద్దెనిమిది నెలల ప్రొబేషన్ వేశారు, అందులో మొదటి పన్నెండు నెలలు కార్లో ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ తప్పనిసరి. ఆలోగా కాన్సులేట్ నుంచి ఒక మెయిల్ వచ్చింది, పాస్‌పోర్ట్‌లోని వీసా రద్దయిందని. కేసు తేలకముందే, కేవలం అరెస్టును బట్టి ఇలా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి గట్టిగా అమలవుతోంది. ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికి అది అడ్డం కాదు. ఒకసారి దేశం దాటితే మాత్రం కొత్త వీసా కావాలి, దానికి ముందు కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర తాగుడు గురించి పరీక్ష. అంటే ఇండియా వెళ్లడానికి లేదు. ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ఇంటర్‌లాక్ చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. అరచేతిలో పట్టే పరికరం, వైరుతో డాష్‌బోర్డ్ కిందికి కలిపి ఉంటుంది. లోపల ఊపిరిలో మద్యాన్ని కొలిచే ఫ్యూయల్ సెల్ సెన్సర్. ఊది, మద్యం హద్దు లోపు ఉందని తేలనిదే ఇంజన్ స్టార్ట్ కాదు. ఉత్తినే ఊదితే ఒప్పుకోదు, చాలా మోడళ్లలో ఊదుతూ గొంతుతో హమ్ చేయాలి, లేదా ఊది వెంటనే పీల్చాలి. చిన్నపిల్లల చేతో, గాలి పంపుతోనో పని కానివ్వకుండా ఈ ఏర్పాటు. కెమెరా ఫోటో తీస్తుంది. బయల్దేరాక కొన్ని నిమిషాలకు ఒకసారి, ఆ తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు, మళ్లీ ఊదమంటుంది. దాన్ని రోలింగ్ రీటెస్ట్ అంటారు. అందులో ఫెయిలైతే నడుస్తున్న బండిని ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆపదు. హైవే మీద ఇంజన్ ఆగితే ప్రాణాలకే ముప్పు. అందుకే హారన్ మోగించి, లైట్లు వెలిగించి, లాగ్‌లో రాసుకుంటుంది. హద్దు 0.08 కాదు, చాలా రాష్ట్రాల్లో 0.02, 0.03 మధ్యలో ఉంటుంది. నెలకో రెండు నెలలకో సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించాలి, అప్పుడు లాగ్ మొత్తం దించి ప్రొబేషన్ ఆఫీసుకు పంపుతారు. అద్దె, కాలిబ్రేషన్ ఖర్చు మన జేబులోంచే.

టెక్సస్ ఎండాకాలంలో కారు తలుపు తీసేసరికి ఆ పరికరం పట్టుకోలేనంత కాలుతుంటుంది. అతను దాని మీద పాప పాత స్వెటర్ కప్పేవాడు. వేడికని చెప్పేవాడు. గుడి పార్కింగ్‌లో ఎవరూ చూడకూడదన్నది అసలు కారణం. పాపకు మాత్రం అదో ఆట. వెనక సీట్లో బెల్ట్ పెట్టుకోగానే "నాన్నా, ఊదావా?" అని అడిగేదట.

నా దగ్గరికి ఎందుకొచ్చాడు

రెండో నెల లాగ్‌లో మూడు లాకౌట్లు పడ్డాయి, అంటే మూడుసార్లు ఊపిరిలో మద్యం కనబడి కారు స్టార్ట్ కాలేదు. ప్రొబేషన్ ఆఫీసర్ మదింపుకు పంపింది.

మొదటి సెషన్‌లో అతను చెప్పింది ఒకే మాట: "మౌత్‌వాష్ సర్." భార్య కూడా అదే అంది. "ఆయన వీకెండ్ ఎక్కడైనా పార్టీ అయితే తీసుకుంటారు అన్నయ్యగారూ, ఇంట్లో ముట్టరు."

మౌత్‌వాష్ కథను కొట్టిపారేయకూడదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, చేతికి రాసుకునే శానిటైజర్ ఆవిరి, కొన్నిసార్లు ఈస్ట్ వేసిన బ్రెడ్ కూడా రీడింగ్ తెప్పిస్తాయి. నోట్లో మిగిలిన ఆల్కహాల్ పావుగంటలో పోతుంది. అందుకే ఫెయిలైతే నీళ్లు పుక్కిలించి కాసేపాగి మళ్లీ ఊదమని చెబుతాం. కాబట్టి మొదటి అంకె కంటే రెండో అంకె ముఖ్యం. మూడింటిలో ఒకటి ఇలా ఉంది: ఉదయం 7:40కి 0.044, 7:56కి 0.040. మౌత్‌వాష్ అయితే రెండోసారికి సున్నా దగ్గరికి రావాలి. పావుగంటలో 0.004 తగ్గిందంటే, అది రక్తంలోంచి ఊపిరితిత్తుల మీదుగా వస్తున్నదే. సగటు మనిషిలో గంటకు సుమారు 0.015 చొప్పున తగ్గుతుంది, లెక్క సరిపోయింది.

కాగితం మీద వెనక్కి లెక్కేశాను. 7:40కి 0.044 ఉంటే, ఎనిమిది గంటల ముందు, అంటే రాత్రి 11:40 ప్రాంతంలో 0.16 దాకా ఉండి ఉండాలి. ఇది కోర్టులో నిలబడే లెక్క కాదు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కానీ అరెస్టైన రాత్రి 0.17. ఆ రాత్రి గరాజ్ పార్టీ ఏదో ఒక్కసారి జరిగిన పొరపాటు కాదని, మామూలు వారం మధ్యలో ఇంట్లో కూర్చుని కూడా అతను అంతే తాగుతున్నాడని అనుమానం రావాలి. వచ్చింది కూడా. తాగుడు అలవాటును కొలిచే ఆడిట్ ప్రశ్నపత్రంలో అతను తనకు తాను 7 వేసుకున్నాడు, 8 నుంచి మనం జాగ్రత్త పడతాం. అంత కచ్చితంగా ఒక్క మార్కు తక్కువ.

ఏం ప్రయత్నించాం, ఎక్కడ దెబ్బతిన్నాం

తాగి నడపడం గురించి కోర్టు చెప్పిన 12 గంటల క్లాసు అప్పటికే పూర్తి చేశాడు. సర్టిఫికెట్ ఫైల్లో ఉంది. ఎన్ని పెగ్గులకు ఎంత వస్తుందో నాకంటే బాగా చెప్పగలడు.

పూర్తిగా మానేయాలని చెబితే రెండో సెషన్‌కి రాడనిపించింది. వచ్చినా అబద్ధం చెబుతాడనిపించింది. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం: పార్టీల్లో రెండు పెగ్గులు దాటకూడదు, శుక్ర శనివారాల్లో తప్ప ముట్టకూడదు, తాగిన రాత్రి తాళం భార్య దగ్గర. ఆ సమయానికి ఇది సబబుగానే తోచింది. అతను ఏం ఒప్పుకుంటాడన్నదే చూశాను గానీ, లాగ్ ఏం చెబుతోందో చూడలేదు. మూడు లాకౌట్లు ఏ రోజుల్లో పడ్డాయి? ఒకటి మంగళవారం, రెండు గురువారం. సోమ, బుధ రాత్రుల తాగుడు అది. నేను వీకెండ్ పార్టీల మీద ఒప్పందం రాయించుకున్నాను. మనవాళ్ల తాగుడంటే శనివారం గరాజ్ అన్న బొమ్మ నా బుర్రలో ముందే ఉంది. తెలుగు కౌన్సెలర్‌ని కావడం వల్ల లాభమే అనుకునేవాణ్ని. ఇక్కడ అదే కళ్లు కప్పింది.

ఆ తర్వాత ఏడు వారాలు లాగ్‌లో ఒక్క ఫెయిల్ లేదు. నేను మెచ్చుకున్నాను. ప్రొబేషన్ ఆఫీసర్‌కి పంపే నెలవారీ నోట్‌లో బాగా పురోగతి ఉందని రాశాను. (చికిత్స వివరాలు ఆమెకు పంపాలంటే క్లయింట్ రాతపూర్వక అనుమతి ఉండాలి, ఫెడరల్ నియమం 42 సీఎఫ్‌ఆర్ పార్ట్ 2 ప్రకారం. ఆ సంతకం మొదటి రోజే తీసుకున్నాం.)

ఎనిమిదో వారం అతను భార్యతో వచ్చాడు. మాటల్లో ఆమె యథాలాపంగా అంది: "పాపను ఇప్పుడు పక్కింటివాళ్లే దింపుతున్నారండీ, ఈయనకు పొద్దున్నే వర్క్ ఫ్రమ్ హోమ్ కదా." అతను కిటికీ వైపు చూశాడు.

సెషన్ అయ్యాక లాగ్ మళ్లీ తెరిచాను. ఈసారి ఫెయిల్స్ కాలమ్ కాదు, స్టార్ట్‌లు లెక్కపెట్టాను. మొదటి రెండు నెలల్లో వారానికి ఇరవై పైచిలుకు స్టార్ట్‌లు, రోజూ 7:40కి ఒకటి ఖాయం. గత ఏడు వారాల్లో వారానికి తొమ్మిది, పది. అన్నీ పొద్దున 11 తర్వాతే. అతను తాగడం మానలేదు, పొద్దున ఊదడం మానేశాడు. ఒంట్లోంచి మొత్తం దిగిందాకా కారు దగ్గరికి వెళ్లకపోతే ఇంటర్‌లాక్‌కి రాసుకోవడానికేమీ ఉండదు. ఫెయిల్ లేకపోవడం నాకు కనబడింది, ప్రయాణాలు లేకపోవడం కనబడలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. రోడ్డు మీద వెళ్లే జనం వైపు నుంచి చూస్తే, ఆ ఏడు వారాలు ఇంటర్‌లాక్ గెలిచినట్టే. తాగిన మనిషి స్టీరింగ్ పట్టలేదు, దాన్ని బిగించింది అందుకే. 2011లో వెలువడిన ఒక సమీక్ష 15 అధ్యయనాలను కలిపి చూసింది. పరికరం బండిలో ఉన్నంతకాలం మళ్లీ తాగి నడుపుతూ అరెస్టవడం మధ్యస్థంగా 67 శాతం తగ్గింది. అదే సమీక్ష ఇంకోటి కూడా చెప్పింది, దాన్ని అమ్మేవాళ్లు అంత గట్టిగా చెప్పరు: పరికరం తీసేశాక ఈ తేడా నిలవదు, పెట్టించుకోనివాళ్లతో సమానమవుతారు. నా క్లయింట్ కారు అప్పుడు ఐదో నెలలో ఉంది. ఇంకో ఏడు నెలల్లో ఆ వైరు ఊడదీస్తారు. అలవాటు మాత్రం అలాగే ఉంది.

మలుపు

అబద్ధం పట్టుకున్నట్టు అడిగితే తలుపు మూసుకుంటాడని, మరుసటి సెషన్‌లో లాగ్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టి, ఒక పెన్ను ఇచ్చాను. "వారానికి ఎన్ని స్టార్ట్‌లున్నాయో పక్కన రాయండి" అన్నాను. డేటాతో బతికే మనిషి. మూడో వారం దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గ్రాఫ్ గీయనక్కర్లేదు సర్" అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. సోమ, బుధవారాల్లో రాత్రి 9:30కి హైదరాబాద్ టీమ్‌తో కాల్, అక్కడ ఉదయం 8. కాల్ అయ్యేసరికి 11. బుర్ర వేడెక్కి నిద్ర పట్టదు. పాప, భార్య పడుకుని ఉంటారు. క్లోజెట్‌లో సూట్‌కేస్ వెనక బాటిల్. మొదట్లో ఆ రెండు రాత్రులే. పొద్దున కారు తీయక్కర్లేని ఏర్పాటు కుదిరాక మిగతా రాత్రులకూ పాకింది. అంటే నేను మెచ్చుకున్న ఏడు వారాల్లో తాగుడు పెరిగింది.

డాక్టర్ ద్వారా పీఈటీహెచ్ రక్తపరీక్ష చేయించాం. ఊపిరి పరీక్ష ఆ పూట సంగతి చెబుతుంది, ఇది గత రెండు మూడు వారాలది చెబుతుంది. 20 లోపు ఉంటే తాగనట్టో, చాలా తక్కువ తాగినట్టో. 200 దాటితే ఎక్కువ. అతనిది 412. ఈసారి ఆడిట్ ప్రశ్నపత్రం భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నింపాడు: 19.

నిర్ణయాలు ఇక్కడి నుంచి మారాయి. పార్టీల ఒప్పందం చింపేశాం. మితంగా తాగడం అన్న లక్ష్యం ఆరు నెలలు పక్కన పెడదామన్నాను, శాశ్వతంగా అనలేదు. శాశ్వతం అంటే అతను పోట్లాడేవాడు, ఆరు నెలలంటే లెక్క చూసుకున్నాడు. లివర్ పరీక్షలు చూశాక డాక్టర్ నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రాశారు. 1994 నుంచి తాగుడు చికిత్సకు అమెరికాలో అనుమతి ఉన్న మందు. తాగితే వచ్చే హాయిని తగ్గిస్తుంది. ఇంత పాత మందు గురించి మనవాళ్లలో ఎవరికీ తెలియకపోవడం నాకెప్పుడూ వింతే.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం క్యాలెండర్ మార్పని నా నమ్మకం. రాత్రి 9:30 కాల్‌ను పొద్దున 8:30కి మార్చమని అతను మేనేజర్‌ని అడిగాడు. హైదరాబాద్‌లో సాయంత్రం 7, వాళ్లకూ నయమే. కేసు సంగతి చెప్పక్కర్లేదు, పాప స్కూల్ కారణం చాలు. దాంతో రెండు పనులు జరిగాయి: రాత్రి 11 గంటల ఖాళీ పోయింది, పొద్దున 7:40 స్టార్ట్ తిరిగొచ్చింది. పక్కింటివాళ్లు దింపడం మానిపించాం. ఇది కావాలనే చేసింది. అంతవరకూ ఇంటర్‌లాక్ అతను తప్పించుకు తిరిగే వస్తువు. ఇప్పుడు అదే రోజూ పొద్దున చేసే పరీక్ష అయింది, వెనక సీట్లోంచి పాప అడిగే ప్రశ్నతో సహా. నాతో ఒప్పందం ఒక్కటే: వారంలో ఐదు పొద్దుటి స్టార్ట్‌లు ఉండాలి. ఒకటి తగ్గినా ఆ రోజే నాకు మెసేజ్ పెట్టాలి, కారణం ఏదైనా సరే.

భార్యతో రెండు సెషన్లు విడిగా చేశాను. మౌత్‌వాష్ కథ ఆమె నమ్మి చెప్పింది కాదు. "బయటికి తెలిస్తే వీసా పోతుందేమోనని భయపడ్డానండీ" అంది. ఆమె మీద నేను నేరం మోపలేదు. కానీ తాళం దాచడం ఆమె పని కాదని, అది ఆమెను ఇంట్లో పోలీసుని చేస్తుందని చెప్పి, ఆ బాధ్యత తీసేశాం.

పది వారాల తర్వాత పీఈటీహెచ్ 38.

పెళ్లి రాత్రి

తొమ్మిదో నెలలో అతని చెల్లెలి పెళ్లి. వెళ్లే దారి లేదు. ముహూర్తం అక్కడ ఉదయం 10:20, ఇక్కడ అంతకు ముందు రోజు రాత్రి 11:50, ఆదివారం. ఇంట్లో హాల్లో టీవీకి ఫోన్ కలిపి చూశారు. జీలకర్ర బెల్లం దగ్గర కెమెరా పట్టుకున్న బాబాయి ఫోన్ పక్కకు పెట్టేశాడట, ఇరవై నిమిషాలు పందిరి గుంజ ఒకటే కనిపించింది. అన్నగా తను చేయాల్సినవన్నీ మేనమామ కొడుకు చేశాడు.

సోమవారం ఉదయం 6:50కి నాకు మెసేజ్ వచ్చింది: "ఈ రోజు ఊదను సర్. ఊదితే పడుతుంది. పాపకు క్యాబ్ పెట్టాను, నేనూ పక్కన కూర్చుని వెళ్తాను. రాత్రి తాగాను."

లాగ్ ప్రకారం చూస్తే ఆ సోమవారానికీ, ఆ ఏడు వారాల్లోని ఏ సోమవారానికీ తేడా లేదు. స్టార్ట్ లేదు, ఫెయిల్ లేదు. తేడా అంతా ఆ మెసేజ్‌లో ఉంది. దీన్ని మళ్లీ పడిపోవడంగా కాకుండా ఒకరోజు జారడంగా లెక్కించాలనుకున్నాను. ప్రొబేషన్ షరతుల్లో తాగకూడదన్నది ఉంది కాబట్టి ఆఫీసర్‌కి దాచే ప్రశ్న లేదు. తానే ఫోన్ చేసి చెబుతానన్నాడు, చెప్పాడు. ఆమె మందలించి, నెలకోసారి అదనంగా రక్తపరీక్ష వేసింది. అంతకు మించి వెళ్లలేదు. అందరు ఆఫీసర్లూ ఇలా ఉండరు, ఇంకొకరైతే జడ్జి ముందుకే పంపేవారేమో. ఆ రిస్కు అతనికి ముందే వివరించాను.

తీసేసే రోజు

పన్నెండో నెలలో ఆర్డర్ ముగిసింది. ఇంకో మూడు నెలలు సొంతంగా ఉంచుకొమ్మని అడిగాను. ఫ్లోరిడాలో ఒక అధ్యయనం నా మనసులో ఉంది: ఇంటర్‌లాక్ ఉల్లంఘనలు పేరుకున్నవాళ్లను అక్కడ చికిత్సకు పంపుతారు, అలా వెళ్లినవాళ్లు పరికరం తీసేశాక మళ్లీ దొరకడం 32 శాతం తక్కువ. పరికరానికి చికిత్స కలిస్తేనే తీసేశాక ఏమైనా మిగులుతుందని నేనెందుకు పట్టుబడతానో చెప్పడానికి ఆ అంకె అతనికీ చూపించాను. డబ్బు ఖర్చు, అవమానం, రెండూ ఉన్నాయి. రెండు నెలలకు ఒప్పుకున్నాడు. వీసా స్టాంపింగ్‌లో డాక్టర్ అడిగితే చూపించడానికి లాగ్ పనికొస్తుందన్న ఆశ కూడా అందులో ఉంది. ఆశ ఏదైనా నాకు పేచీ లేదు.

హైదరాబాద్‌లో ఇదే పనిచేసే మిత్రులు ఈ పరికరం మనకెందుకు లేదని అడుగుతుంటారు. అక్కడ మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే ఇక్కడి లెక్కలో 0.03. ఇక్కడి 0.08తో పోలిస్తే చాలా కఠినం. దొరికినవాళ్లను కుటుంబంతో సహా కౌన్సెలింగ్‌కి పిలిపించే పద్ధతి కూడా ఉంది. పరికరం దిగుమతి చేసుకోవడం కష్టం కాదు. నెల నెలా ఆ లాగ్ ఎవరు దించుతారు, ఎవరు చదువుతారు, చదివి మనిషిని ఎవరు పిలిపిస్తారు? టూవీలర్ల సంగతేంటి? వీటికి జవాబు ముందు దొరకాలి. మనుషుల్ని పెట్టి చదివించే ఇక్కడే నాలాంటివాడు ఏడు వారాలు తప్పు చదివాడు.

ఈ కేసు తర్వాత నా మదింపు ఫారంలో ఒక కాలమ్ చేర్చాను: వారానికి ఎన్ని స్టార్ట్‌లు, ఎన్ని గంటలకు. ఫెయిల్స్ కంటే పైన ఉంటుంది. లాకౌట్ పడిన వారం పేరు తప్పకుండా రాస్తాను, సోమవారమా, గురువారమా అని. ముందు రాత్రి ఏం జరిగిందని అడగడానికి అంతకంటే మంచి మొదలు నాకు దొరకలేదు.

టెక్నీషియన్ వైరు ఊడదీయడానికి అరగంట పట్టిందట. నాల్ట్రెక్సోన్ మరో నాలుగు నెలలు వాడాడు. ప్రొబేషన్ ముగిసినప్పటి చివరి పీఈటీహెచ్ 20 లోపు. ఆ తర్వాత ఏడాదికి ఫోన్ చేస్తే, పొద్దుటి కాల్ ఇంకా 8:30కే ఉందన్నాడు. పాప ఇప్పుడు థర్డ్ గ్రేడ్. కారెక్కగానే ఇప్పటికీ అడుగుతుందట, డాష్‌బోర్డ్ కింద ఏమీ లేకపోయినా.